రెండంగుళాలు

మా పెద్దమ్మను వీధిలో కత్తెరమ్మ అనేవారు. ఎదుట కాదు, వెనకాల. ఎదుట అనే గుండె ఎవరికీ లేదు. ఒకసారి పక్కింటావిడ ఆమె ఇచ్చిన కాఫీ నీళ్ళలా ఉందని నవ్వింది. ఆ తర్వాత పెద్దమ్మ ఇంట్లో ఎవరికీ కాఫీ దొరకలేదు. ఉన్న కప్పులన్నీ ఎవరెవరికో ఇచ్చేసి ఒక్కటి ఉంచుకుంది. కుర్చీ కూడా ఒక్కటే. వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడి, నిలబడే వెళ్ళిపోవాలి.

ఆ బుద్ధే ఆమెకు అన్నం పెట్టింది, అదీ చెప్పాలి. కాలరు ఒక్క పోగు వంకర పోయినా ఊరుకునేది కాదు, బర్రున విప్పేసేది. ఆమె కత్తిరించిన కోటు వేసుకుంటే వంగి నడిచేవాళ్ళు కూడా నిటారుగా కనిపించేవారు.

ఆమె చెల్లెలైన మా అమ్మది పూర్తిగా వేరే స్వభావం. ఎవరేమడిగినా "సరేనండీ" అనేస్తుంది. కొలిచి చేసే మనిషి కాదు, చేత్తో తడిమి చేసే మనిషి. పదకొండేళ్ళు పెద్దమ్మ కొట్టులో స్టూలు మీద కూర్చుని మిషను తొక్కింది. కత్తెర మాత్రం పెద్దమ్మ ముట్టుకోనివ్వలేదు. ఒకరోజు కొట్టు నిండా జనం ఉండగా అమ్మ కుట్టిన కాలరును మూడుసార్లు విప్పించి, "అవి చేతులా, చీపురుకట్టలా?" అంది. అమ్మ నవ్వి ఊరుకుంది. అమ్మ అలా నవ్వితే నాకు భయం. ఆ నెలాఖరుకు అమ్మ, పెద్దమ్మకు చెప్పకుండా ఆవిడ కొలతల పుస్తకం పట్టుకొచ్చేసి, ఎదురు వరసలో సొంత కొట్టు తెరిచింది.

పెద్దమ్మ గొడవకొస్తుందని వీధంతా కాచుకు కూర్చుంది. ఆమె రాలేదు. మా గుమ్మం కనిపించేలా మిషను కిటికీ దగ్గరికి జరుపుకుని, తన పని తాను చేసుకుంది.

నెల తిరక్కుండానే మాకు ఫిర్యాదులు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే మాట: "చేయెత్తితే చంకలో పట్టేస్తోందమ్మా." అమ్మ లోపలి కుట్టు విప్పి, చూపుతో అంచనా వేసి సర్దేది. తేడా ఎంతుందో టేపు పెట్టి చూద్దామన్న ఆలోచనే ఆమెకు రాలేదు. పైగా ఒకావిడతో, "మీరు కాస్త ఒళ్ళు చేసినట్టున్నారు" అంది. ఆ మాట పడ్డాక ఏ ఆడమనిషి మళ్ళీ ఆ కొట్టు మెట్లెక్కుతుంది?

అప్పుడు ఆస్పత్రి నుంచి ముప్పై ఆరుగురు నర్సులకు తెల్లకోట్లు కుట్టే పని వచ్చింది. వాళ్ళంతా ఒకప్పుడు పెద్దమ్మ దగ్గర కుట్టించుకున్నవాళ్ళే; అందరి కొలతలూ మా పుస్తకంలో ఉన్నాయి, ఎవరూ రానక్కర్లేదని అమ్మ మాటిచ్చింది. ఆ మాట మీదే పని మాకు దక్కింది. బట్ట వాళ్ళే తెచ్చి ఇచ్చారు. కోటుకు సరిపడా ఉందంతే, లోపలి కుట్టులో వదలడానికి వేలెడు కూడా మిగలదు. ఈ కోట్లు కుదిరితే కొట్టు నిలబడుతుంది, కుదరకపోతే మూతే.

"పుస్తకంలో అక్క ఏదో మెలిక పెట్టిందే. చంక కొలత తగ్గించి రాసుకున్నట్టుంది. నువ్వెళ్ళి అడిగి రా, నీ మీద ఆవిడకేం కోపం లేదుగా" అంది అమ్మ. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

వెళ్ళాను. పెద్దమ్మ తలెత్తలేదు.

"పెద్దమ్మా, చంక దగ్గర ఎంత కలపాలో అమ్మ కనుక్కోమంది."

"నేను ఎవర్నీ నమ్మను కదే, అందుకే తగ్గించి రాస్తాను. కత్తిరించేటప్పుడు మనసులో కలుపుకుంటాను" అంది. దారం కొరికి, "అంగుళం" అంది.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎంతైనా తోడబుట్టింది" అని, ముప్పై ఆరు కోట్లూ అంగుళం కలిపి కత్తిరించింది.

ముప్పై ఆరూ తిరిగొచ్చాయి. పెద్ద నర్సు మా కళ్ళముందే చేయెత్తి చూపించింది. చంకలో కుట్టు పర్రుమంది. అప్పుడు టేపు నేనే తీశాను. మరో అంగుళం కావాలి. పెద్దమ్మ తగ్గించి రాసింది రెండంగుళాలు. ఎదురుగా కిటికీలో ఆమె పై అరలో దారపుండ పెట్టడానికి చేయి నిండుగా పైకెత్తింది. ఎక్కడా పట్టలేదు.

కొట్టు మూసేశాం. వారం పోయాక పెద్దమ్మ కబురు పంపింది, స్టూలు ఖాళీగానే ఉందని. అమ్మ తల వంచుకుని వెళ్ళింది. నేనూ వెళ్ళాను. పగ తీర్చుకోవడానికే వెళ్ళాను, దాచడమెందుకు?

విచిత్రమేమిటంటే, అమ్మకివ్వని కత్తెర పెద్దమ్మ నా చేతిలో పెట్టింది. నేను కూడా పోగు వంకర పోతే విప్పేసే రకాన్ని. ఎనిమిదేళ్ళలో ఆమె పనంతా నాకొచ్చేసింది. అమ్మ ఆ స్టూలు మీదే నడుము వంగిపోయి, ఒక చలికాలం జబ్బుపడి కన్నుమూసింది. చివరిదాకా "అక్క మరిచిపోయి చెప్పి ఉంటుందిలే" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

పోయినేడు పెద్దమ్మకు చూపు మందగించింది. "నాకో కోటు కుట్టవే, ఇంకొకరి చేతి కుట్టు నా ఒంటికి పడదు" అంది. కొలతలు జాగ్రత్తగా తీసుకున్నాను. నా బతుకులో అంత అందమైన కోటు కుట్టలేదు. కాలరు పోగు తేడా లేదు.

ఆమె తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. చేయి ఎత్తబోయింది. సగంలో ఆగిపోయింది.

"ఎంత తగ్గించావు?"

"అంగుళం" అన్నాను.

వేళ్ళతో చంక తడిమి చూసుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను చూసి మెచ్చుకోలుగా నవ్వింది. "అబద్ధం. రెండు" అంది.

ఆ కోటు ఆమె రోజూ వేసుకుంటోంది. సర్దిపెట్టమని అడగలేదు. పై అరలోది ఏది కావాలన్నా నన్నే పిలుస్తుంది, నేనే తీసిస్తాను. లోపలి కుట్టులో రెండంగుళాల బట్ట వదిలే ఉంచాను. విప్పి కుడితే పది నిమిషాల పని. ఆమె వేళ్ళకు అది తగలకుండా ఉండదు. ఆమె అడగదు, నేను చెప్పను.