అత్త చెయ్యి చెరిపేసిన పొద్దు

వంజరం చేపకి రెండో తోక మొలిపించి, దాని మొప్పలు మాయం చేసి, మా అత్త పదకొండేళ్లుగా కాపాడుకుంటున్న బేరాన్ని అరగంటలో సముద్రంలో కలపబోయిన ఘనుణ్ణి నేను. నవ్వదలచుకున్నవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. నేనేమీ అనుకోను, మా ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. కొత్త మద్దెల కొనుక్కుని మరీ ఆడలేనివాడి గురించి మాత్రం ఏ సామెతా చెప్పలేదు. ఆ ఖాళీ నాకోసమే వదిలారని నా అనుమానం.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. విశాఖపట్నంలో ఆర్నెల్లు ఫొటోగ్రఫీ నేర్చుకుని, చిన్నపాటి ఫిరంగిలాంటి లెన్సున్న కెమెరా మెడలో వేసుకుని ఇంటికొచ్చాను. మాది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. దిగిన రోజు నుంచి ఎవరు కనపడినా వెలుతురు గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. వలలు బాగుచేసుకునే ముసలాళ్లు నన్ను చూస్తే పడవ చాటుకి తప్పుకునేవారు.

మా మేనత్త నూకాలమ్మది చేపల వ్యాపారం. తెల్లారి పడవలు రాగానే ఒడ్డున సరుకు కొంటుంది. తన ఫోనుతో ఒక ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. కొనేవాళ్లు అది చూసి 'పంపు' అంటే ఐసు పెట్టెలో సర్ది ఎనిమిది గంటల వేన్‌కి ఎక్కిస్తుంది. ఆ ఫోను అద్దం ఎన్ని ముక్కలైందో లెక్కపెట్టడం నావల్ల కాలేదు. లెన్సు మీద చేప పొలుసు ఒకటి శాశ్వత నివాసం ఏర్పరచుకుంది.

ఆ పొద్దున్న ఆవిడ నిగనిగలాడే ఏడు పెద్ద వంజరాలు కొంది. సాలూరులో చేపల దుకాణం నడిపే సింహాచలం మావ ఎవరిదో పెళ్లి భోజనాలకి అడిగాడు. పదకొండేళ్ల ఖాతాదారు, చుట్టరికం కూడా ఉంది. వేన్ వెళ్లేలోపు ఆయన 'సరే' అనకపోతే సరుకు దళారి పాలు, ఆయనేమో ఇంకొకరి పాలు. చేతిలో ఉన్న టైము ముప్పావుగంట.

నేను ఊరుకున్నానా? చేపపిల్లకి ఈత నేర్పడానికి బయలుదేరాను.

"అత్తా, నీ ఫొటోలు చూస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. ఇవాళ నేను తీస్తాను."

"నీకెందుకురా అల్లుడా ఈ నీసు పని? కొత్త సొక్కా పాడైపోతాది."

"ఇది నీసు కాదత్తా, కళ!"

అత్త నవ్వింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నా మాట కాదనలేదు. "సరే, బేగి తియ్యి. ఎనిమిదికి వేన్ ఎలిపోతాది" అని, అలవాటు ప్రకారం వంగి, ఎడమచేత్తో చేప మొప్ప పైకెత్తి పట్టుకుంది. నల్లబడిన చెయ్యి. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు, ఆకుపచ్చ గాజులు, ఎప్పుడో జెల్లచేప ముల్లు గుచ్చుకుని సగమే మిగిలిన బొటనవేలి గోరు.

ఇరవై మూడు ఫొటోలు తీశాను. ఇసకలో బోర్లా పడుకుని కూడా తీశాను. తర్వాత లాప్‌టాప్ తెరిచి అసలు ఘనకార్యం మొదలుపెట్టాను. ముందుగా సినిమా పోస్టరులా ఉండాలని ఫొటో అంతా నీలం చేశాను. మొప్ప కింద ఎర్రగా, నెత్తురులా ఉంది. అసహ్యంగా తోచి తుడిచేశాను. ఇక అత్త చెయ్యి. ఎంత అందమైన ఫ్రేముకి ఎంత అడ్డం! ఒక్క నొక్కు నొక్కితే చెయ్యి మాయమైంది. చెయ్యి ఉన్నచోట ఏముండాలో ఆ సాఫ్ట్‌వేరే ఊహించి నింపింది. దాని ఊహలో అక్కడ ఇంకో తోక ఉంది. నేను గమనించలేదు. కళాకారుడు తోకలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడా?

అత్త ఫోన్లోంచి గ్రూపులో పెట్టేసి, పొగడ్తల కోసం ఎదురుచూశాను. నిమిషంలో సింహాచలం మావ వాయిస్ మెసేజ్ వచ్చింది.

"వదినా, ఇదేటిది? సేప నీలంగున్నాదేటి? ఎన్నాళ్ల సరుకు?"

అత్త ఐసు కొడుతోంది. నేనే వాయిస్‌లో జవాబు పెట్టాను. "మావా, నేను సూరిని. అది సినిమాటిక్ టోన్."

"టోనో టన్నో నాకెందుకురా? మొప్ప ఏదీ?"

"రక్తంలా ఉందని తీసేశాను మావా."

"ఓలమ్మో! మొప్ప తీసీసినాడంటర్రా! ఒరే, మొప్ప ఎరుపు సూడకుండా సేప ఎవుడు కొంటాడ్రా? సరే, ఆ రెండో తోక ఏటి?"

అప్పుడు చూశాను. నిజంగానే రెండు తోకలు! గ్రూపులో నలభై మంది ఉన్నారు, నలభై మందీ చూస్తున్నారు. ఒకాయన "రెండు తోకలకీ విడివిడిగా రేటు సెప్పండి" అన్నాడు. ఇంకొకావిడ "దానికి గుడి కట్టీండర్రా" అంది.

నా చెమట నా కొత్త చొక్కాని పాడుచెయ్యడం మొదలుపెట్టింది. మళ్లీ మావ గొంతు వినిపించింది. ఈసారి నవ్వు లేదు.

"ఒరే సూరీ, వదిన సెయ్యేదిరా?"

"ఫ్రేముకి అడ్డమొచ్చింది మావా. చెరిపేశాను."

"నానెప్పుడైనా సేపని సూసి కొన్నాననుకున్నావేట్రా? ఆ సెయ్యి సూసి కొంటాను. ఆ సెయ్యి పక్కనెడితే సేప ఎంతుందో తెలస్తాది. ఆ సెయ్యి ఎత్తిందంటే మొప్ప ఎర్రగున్నట్టే. సెయ్యి నేని సరుకు నాకొద్దు. ఇవాళ్టికి ఇంకోసోట సూసుకుంటాను."

అత్త ఐసు కొట్టడం ఆపేసింది. అంతా వింది. ఎనిమిదికి పది నిమిషాలుంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా ముఖమైనా చూడకుండా ఫోన్ తీసుకుని చీర చెంగుతో ఒక్కసారి తుడిచింది. ఆ తర్వాత చేసిన పని నేను ఈ జన్మలో మర్చిపోను.

చేపని బుట్టలోంచి తీసి గోనె మీద పెట్టింది. నీళ్లు చల్లలేదు. చేప కన్ను సూర్యుడి వైపు వచ్చేలా, గోనెని కాలి బొటనవేలితో జానెడు తిప్పింది. నేను ఇరవై మూడు ఫొటోల్లో చెయ్యని పని అది. అంతలో మబ్బు అడ్డమొచ్చింది.

"అత్తా, బేగి! టైమైపోతోంది!"

"ఉండ్రా. ఎండ వస్తాది."

వేన్ వాడు హారన్ కొడుతున్నాడు. అత్త మాత్రం మొప్ప మీద చెయ్యి వేసి కదలకుండా కూర్చుంది. ఆకాశం వైపు చూడను కూడా లేదు, తన ముంజేతి మీద వేడి తగలడం కోసం చూస్తోంది. మబ్బు పక్కకి తప్పుకోగానే సగం గోరున్న వేలు మొప్పని ఎత్తింది. లోపల దాసానిపువ్వంత ఎరుపు. పక్కన చేప కన్ను గాజుబిళ్లలా మెరిసింది. ఒక్కసారి నొక్కింది, ఒకే ఒక్కటి.

ఆ ఫొటోని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాను. అంచున కాస్త వంకరగా ఉంది, పొలుసు మచ్చ కూడా ఉంది. అయినా అందులో చేప బతికున్నట్టుంది. నేను ఆర్నెల్లు నేర్చుకున్నదంతా ఆ చేతికి ఎప్పటినుంచో వచ్చు.

మావ జవాబు వెంటనే వచ్చింది. "ఎక్కించీ వదినా."

ఏడు వంజరాలూ సాలూరు వెళ్లిపోయాయి. నేను చిన్నగా అడిగాను. "ఆ పగిలిన అద్దంలో నీకేమీ కనపడదు కదత్తా, ఎలా తీశావు?"

"ఫోన్లో సూసేదేటుందిరా? నాను కొన్నప్పుడు ఎక్కడ సూస్తానో, కొనీవోడికీ అక్కడే సూపించాను" అంది. అప్పుడు పెట్టింది నెత్తిమీద మొట్టికాయ, వేన్ కనుమరుగయ్యాక.

ఇంతటితో నాకు బుద్ధొచ్చిందనుకుంటున్నారా? మీది మంచి మనసు. రెండేళ్లకి శ్రీకాకుళంలో స్టూడియో పెట్టాను. అదే సింహాచలం మావ కూతురు పార్వతితో సంబంధం కలుపుదామని అత్త మాట కదిపితే, నా ఫొటో నేనే తీసుకుని నున్నగా చేసి, వెనక మంచుకొండలు పెట్టి పంపాను. మావ ఫోన్ చేశాడు.

"వదినా, ఈ మైనం బొమ్మ ఎవుడు? మన సూరిగాడు ఏడీ?"

అత్త రుసరుసలాడుతూ స్టూడియోకి వచ్చింది. నన్ను గుమ్మంలో ఎండకి నిలబెట్టి, ఎడమచేత్తో నా దవడ పట్టుకుని పైకెత్తి, కుడిచేత్తో ఆ పగిలిన ఫోన్ నొక్కింది. నా మొటిమల పక్కనే తేలు పచ్చబొట్టు, గాజులు, సగం గోరు. అరగంటలో సాలూరు నుంచి "ముహూర్తం పెట్టించీ" అని కబురొచ్చింది.

ఆ ఫొటో ఇప్పటికీ నా స్టూడియోలో, కెమెరాలన్నిటికంటే ఎత్తున వేలాడుతోంది. దాని కింద నిలబడి, గంగమ్మ తల్లి సాక్షిగా, నా లెన్సు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ ఫొటోలోంచీ ఏ చేతినీ చెరపను, దేవుడిచ్చిన తోకకి ఇంకో తోక తగిలించను.

ఈ ప్రమాణం రాసి మా ఆవిడ పార్వతికి వినిపించాను. అంతా విని నిట్టూర్చింది.

"అత్త సెయ్యి సూసి ఒప్పీసుకున్నాను. మొప్ప కూడా ఎత్తి సూడాల్సినాది."