సరోజ మిస్ మీటరు

తోడుపెట్టే ముందు పాలలో వేలు ముంచి చూడటం మా ఇంటి అలవాటు. ఇవాళ తొందరపడ్డాను, వేలు చురుక్కుమంది. కాగిన పాల వాసనతోపాటు సరోజ మిస్ గుర్తొచ్చారు. వేలూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే నాకు థర్మామీటరు తెలియక కాదు. ఈ వేలి అలవాటే ఒకప్పుడు నా కొంప ముంచబోయింది.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఆమె మాకు బయోకెమిస్ట్రీ చెప్పేవారు. ఆమెది వేలూరు దగ్గరి గుడియాత్తం. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైమును చిన్న జెల్లీ పూసల్లో బంధించి, వాటి మీదుగా పాలు పోసి, ఎంత వేడిలో ఎక్కువ గ్లూకోజు వస్తుందో చూడటం నా ప్రాజెక్టు. గ్లూకోజు కొలిచే మీటరు కాలేజీలో లేదు. మిస్‌కు షుగరు జబ్బు. తన మీటరునే స్ట్రిప్పుల డబ్బాతో సహా నా చేతిలో పెట్టారు. ప్రాజెక్టు తప్పితే ఏడాది పోతుంది. ఏడాది పోతే చదువు మాన్పించి, తను పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేర్పిస్తానని అమ్మ ముందే చెప్పేసింది.

నేను చేసింది అమ్మ తోడుపెట్టే పద్ధతే: ముందు కాచడం, తర్వాత వేలితో చూసుకుంటూ చల్లార్చడం. పాలు బాగా కాచి, పొగలు కక్కుతుండగానే పూసల మీద పోశాను. చల్లారేకొద్దీ మళ్ళీ మళ్ళీ పోసి కొలిచాను. పాలు మారాయి గానీ పూసలు మాత్రం అవే. మీటరు ప్రతిసారీ గ్లూకోజు లేదనే చూపింది. ఒక్కటి తప్ప స్ట్రిప్పులన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. మర్నాడే రికార్డు ఇవ్వాలి. పుస్తకంలో ఉన్న గ్రాఫు చూసి, ఎక్కి దిగే అంకెలు అందంగా రాసేశాను.

మిస్ రికార్డు తిరగేసి, “ఇంత నున్నంగా వచ్చినాదా అమ్మా?” అన్నారు. తలూపాను. ఆమె అప్పటికప్పుడు పాలు తెప్పించి, గోరువెచ్చగా చేసి, నా పూసల మీదే పోయించారు. మిగిలిన ఒక్క స్ట్రిప్పు కూడా సున్నానే చెప్పింది. ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. ఆమె తల పట్టుకుని నవ్వారు. మొదటి విడతలోనే ఎంజైమును ఉడకబెట్టేశావని, ఉడికిన గుడ్డు చల్లారినంత మాత్రాన పిల్లవుతుందా అని అడిగారు. అంతలోనే ముఖం మారిపోయింది.

“తప్పు ఎవురైనా చేస్తారు. అబద్ధం ఎందుకు రాసినావు? సున్నా వస్తే సున్నానే రాయి. ఎందుకు వచ్చినాదో కింద రాయి. నేను సంతకం పెడతా.”

రికార్డు మళ్ళీ సున్నాలతో రాసి, అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. స్ట్రిప్పులన్నీ నేనే తగలేయడంతో ఆ వారమంతా ఆమె తన షుగరు చూసుకోలేదని తర్వాత తెలిసి, సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె రిటైరయ్యాక ప్రతి ఆదివారం గుడియాత్తం బస్సెక్కి వెళ్ళి, అదే మీటరుతో ఆమె షుగరు చూసి, డాక్టరుకు చూపించే నోటుపుస్తకంలో రాసేదాన్ని. ఒక ఆదివారం అంకె ఎప్పటికన్నా చాలా ఎక్కువ వచ్చింది. ఆమె కొంగు మీద మైసూర్‌పాకు పొడి కనిపించింది.

“డాక్టరు తిడతాడు. రవంత తగ్గించి రాయమ్మా,” అన్నారు, గొంతు బాగా తగ్గించి. నాకు పాఠం చెప్పిన మనిషేనా అనిపించింది. జాలి కూడా వేసింది. రాస్తే ఆమె నవ్వుతారు, నాకూ హాయి. అయినా చేయి రాలేదు. ఉన్న అంకె రాసి, కింద కారణం రాశాను: మైసూర్‌పాకు, రెండు ముక్కలు.

ఆమె పుస్తకం తీసుకుని చాలాసేపు చూశారు. అలిగారనుకున్నాను.

“మూడు,” అన్నారు చివరికి. “పెన్ను ఇట్లా ఇయ్యి. సంతకం పెట్టల్ల గదా.”

మిస్ ఇప్పుడు లేరు. సున్నాల రికార్డు, ఆ నోటుపుస్తకం నా బీరువాలో ఉన్నాయి. ల్యాబులో ఎవరైనా అంకె కాస్త సర్దమని బతిమాలినప్పుడు, రెండు కొట్టేసి మూడు అని దిద్ది ఆమె పెట్టిన ఆ సంతకమే నాకు ముందు కనిపిస్తుంది.