స్వామికి ఊపిరాడనివ్వని భక్తి

1974 వేసవి. విజయవాడలో ఒక దినపత్రికకు ఫొటోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. భవానీపురం దగ్గర కృష్ణ ఇసుకలో ఒక స్వామి పొద్దున సజీవ సమాధిలోకి దిగాడని, సాయంత్రం లేస్తాడని తెలిసి వెళ్లాను. దేవుడు లేడని సభల్లో వాదించేవాణ్ణి. లోపలి మనిషికి గాలి ఎటునుంచి అందుతోందన్నదే నా కుతూహలం.

అప్పటి ట్విన్ లెన్స్ కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూడాలి. దూరానికి దణ్ణం పెడుతున్నట్టుంటుంది. జనం మర్యాదగా దారిచ్చారు.

ఇసుక దిబ్బ మీద పూలదండల మధ్య బెత్తెడు వెదురు గొట్టం కనిపించింది. పక్కనున్న అగరొత్తుల పొగ అందులోకి పోతోంది, కాసేపటికి బయటికొస్తోంది. స్వామి ఊపిరి కంటికి కనిపిస్తోంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఫోకస్ సరిచేస్తుండగా ఒకావిడ వచ్చి పసుపు ముద్దతో గొట్టం నోరు మూసి, దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

"ఏంటమ్మా అది?"

"గౌరమ్మ లేకుండా పూజేంటి బాబూ. ఆమెకు వేసిన ఈ వెదురు పీట ఖాళీగా ఉంది గదా."

పొగ నిటారుగా లేచింది. కాసేపటికి అడుగునుంచి గొట్టం మీద టకటకా చప్పుడైంది.

"స్వామి పలుకుతున్నాడండీ," అంటూ ఒక పెద్దాయన చెంపలేసుకున్నాడు. అందరూ చేతులు జోడించారు.

గుట్టు చెబితే వీళ్లు నన్నో, స్వామినో తంతారు. ఊరుకుంటే అబద్ధపు సమాధి నిజమవుతుంది, ఏడాది తిరక్కుండా గుడి లేస్తుంది. నేను తీసిన ఫొటోనే పటం కట్టి అందులో పెడతారు. మొదట సాక్ష్యం కెమెరాకెక్కిద్దామంటే దానికి రెండు చేతులూ కావాలి. కెమెరాను మెడకు వదిలేసి పసుపు ముద్దను పెకలించాను.

"దేవుడి మీద చెయ్యేస్తారేంటండీ?" అంది ఆవిడ.

"ప్రసాదమమ్మా," అన్నాను. నా నోట ఆ మాట విని నేనే బిత్తరపోయాను. అంతలో పదిమంది చేతులు చాచారు. ముద్ద చిటికెలో చెల్లిపోయింది.

పొగ మళ్లీ గొట్టంలోకి వంగింది. అప్పుడు తీశాను ఫొటో.

సాయంత్రం స్వామి లేచాడు. జనం పల్చబడ్డాక దగ్గరికెళ్లి అడిగాను.

"లోపల ఏం దర్శనమైంది స్వామీ?"

"యముడండీ. గొట్టం మూసిందెవరు?"

"మీ భక్తురాలే."

"తీసిందెవరు?"

"నేను. నాస్తికుణ్ణి. ఆ గొట్టం ఫొటో రేపు పేపర్లో వస్తుంది."

ఆయన చాలాసేపు దగ్గాడు. "వేసుకోండి బాబూ. ఇంకోసారి దిగితే మాత్రం పక్కన మీలాంటి వాడొకడు ఉండాలండీ. వీళ్లను నమ్ముకుంటే చస్తాను."

ఫొటో మొదటి పేజీలో వచ్చింది. మోసగాణ్ణి ఎందుకు బతికించావని సభల్లో నా మిత్రులే నిలదీశారు. వాళ్లకు నేను చెప్పింది ఒకటే. ఆయన ఇసుకలోనే పోయుంటే ఎన్ని ఫొటోలు వేసినా జనం నమ్మేవాళ్లు కారు. బతికాడు కాబట్టే, మర్నాడు పేపరు పట్టుకెళ్లి ఆ గొట్టం సంగతేంటని మొహం మీదే అడగ్గలిగారు. అలా అడిగినవాళ్లలో పసుపు ముద్ద పెట్టినావిడే మొదటిది.