తువ్వాల కింద తేలిన ధర

కొత్త వస్తువు ధర దుకాణంవాడు చెబుతాడు. వాడిన వస్తువు ధర పదిమంది నోళ్లలో నానుతుంది. ఏ ఊరి సంతలో చూసినా ఇదే తంతు: పాత గడియారం కానీ, ముసలి ఎద్దు కానీ, అమ్మేవాడికి బంగారం, కొనేవాడికి తుక్కు. 1986లో లాల్‌బీ అమ్మాల్సి వచ్చింది మరీ వింత వస్తువు, టీవీకి తగిలించి ఆటలాడుకునే కంప్యూటరు.

లాల్‌బీ తాండూరు మనిషి. ఇరవై ఏళ్లుగా గాజుల మలారం భుజాన వేసుకుని పెద్దేముల్, కోట్‌పల్లి దారులన్నీ తిరిగింది. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. బజారులో ఒక మడిగె, చిన్న కొట్టుగది, ఖాళీ అయింది. పన్నెండు వందలు అడ్వాన్సు కడితే తాళంచెవి ఆమెదే. దుబాయిలో ఉన్న తమ్ముడు కరీం సెలవులకు వచ్చి తిరిగి పోతూ, "అమ్ముకో ఆపా, మడిగె పట్టుకో" అని తన కంప్యూటరు వదిలేసి పోయాడు. అక్కడ కొత్తది మన రూపాయల్లో మూడు వేలట.

వికారాబాద్‌లో వీడియో ఆడించే అనంతయ్యకు అది కావాలి. పాతికేళ్లవాడు, ఆటకింత అని వసూలు చేద్దామని ఆశ. లాల్‌బీ దాన్ని దుప్పట్లో చుట్టి, రైల్లో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. తీరా చూస్తే అతని గది నిండా జనం.

"ఆరు వందలిస్త పెద్దమ్మా," అన్నాడు అనంతయ్య.

"గీ టైపు మిషను లెక్కున్నదానికి ఆరు వందలా?" అన్నాడు పక్కన టీ కొట్టు నడిపే కిష్టప్ప. "నాలుగొందలియ్యి, మస్తు."

జనం నవ్వారు. ఆ నవ్వుకు అనంతయ్య అయిదు వందలకు దిగాడు.

లాల్‌బీకి తండ్రి గుర్తొచ్చాడు. బషీరాబాద్ పశువుల అంగడిలో ఆయన దళారి. అక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ అన్నీ వినబడేవి గానీ ధర మాత్రం ఏ భాషలోనూ వినబడేది కాదు. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లతో చెప్పుకునేవారు. ఒక వేలు పడితే వంద, చెయ్యి మొత్తం పడితే అయిదు వందలు. చూసేవాడి నోరు బేరంలో దూరకుండా వేసిన కంచె అది. ఆ తువ్వాల కింద ఆడమనిషి చెయ్యి మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అనంతయ్యా, భుజం మీది తువ్వాల ఇటియ్యి. అంగడి బేరం జేద్దాం."

"నీతోనా?"

"నా కొడుకు వయసోనివి, సిగ్గేంది? ముందుగాల ఇను బేటా. గంట ఆడితే గిది వేడైతది, తెర మీద గీతలొస్తయి. జర సేపు ఆపితే మల్ల మంచిగైతది. దాసిపెట్టి అమ్మను."

"ఐబు నువ్వే చెప్తివి, ఇగ ఏం బేరం?" కిష్టప్ప పకపకా నవ్వాడు.

"నీ చెయ్యి తువ్వాల కింద లేదు కిష్టప్పా. నీ ఛాయ్ పొంగుతున్నదేమో పోయి చూస్కో!"

ఈసారి జనం ఆయన్ను చూసి నవ్వారు.

అనంతయ్య గంటకు పైగా ఆడించి చూశాడు. చెప్పినట్టే వేడెక్కింది, చెప్పినట్టే కుదురుకుంది. అప్పుడు తువ్వాల కింద చెయ్యి పెట్టి మళ్లీ ఆరు వందలే అన్నాడు. లాల్‌బీ అతని చెయ్యి మొత్తం మూడుసార్లు పట్టింది: పదిహేను వందలు. ఆ చెయ్యి కొయ్యబారిపోయింది. ఇరవై ఏళ్లు గాజులు తొడిగిన మనిషికి వేరే చెప్పాలా? గాజు ఇరుకైతే ఏ చెయ్యైనా ఇలాగే బిగుస్తుంది, బలవంతం చేస్తే పగిలేది గాజే. వేళ్లతోనే పద్నాలుగు వందలంది, ఇంకా బిగువే. వేడి సంగతి తలచుకుని ఇంకో వేలు తగ్గించింది. పదమూడు దగ్గర ఆ చెయ్యి మెత్తబడింది.

అతను పన్నెండుకు లాగబోయాడు. ఆమె అవసరానికి పన్నెండు చాలు. కానీ అవసరం వేరు, వస్తువు విలువ వేరు. ఈసారి బిగిసింది ఆమె చెయ్యి. అది అతనికీ తెలిసింది. పదమూడు దగ్గర రెండు చేతులూ మెత్తగా ఆగాయి.

"ఖుషేనా బేటా?"

"ఖుషే పెద్దమ్మా!"

"ఎంతకు తెగింది? ఎంతకు?" కిష్టప్ప గింజుకున్నాడు. ఇద్దరూ నోరు విప్పలేదు.

వారం తిరక్కుండా మడిగె తలుపులు తెరుచుకున్నాయి. పెద్దేముల్ బస్సు దిగిన ఆడవాళ్లు ఆమెను గద్దె మీద చూసి నోళ్లు తెరిచారు.

"ఏం చూస్తరే? ఇన్నేండ్లు నేనే మీ గడపలకొచ్చిన. ఇగ మీరే రాండ్రి!"