కాకి ఏ మాటకు దిగింది

సూర్యారావు పెద్దదినం నాడు కాకి ఒక పట్టాన దిగలేదు. ఏటిగట్టు కింద రేవులో విస్తరి పరిచి, అన్నం ముద్దలు పెట్టి, చుట్టాలంతా ఎడంగా నిలబడ్డారు. కాకులు లేక కాదు. కొబ్బరిమట్టల మీద చుట్టాలకంటే ఎక్కువే ఉన్నాయి. ఒకటి దిగేది, ముద్దకు జానెడు దూరంలో ఆగేది, మెడ వంచి చూసేది, ఎగిరిపోయేది.

"పోయినోడికి ఏదో కోరిక మిగిలిపోయింది. మాటివ్వండర్రా" అన్నారు పెద్దలు.

"నీ పెళ్లాన్ని మేం చూసుకుంటాం" అన్నాడొక దగ్గరి చుట్టం. కాకి మొహం తిప్పుకుంది. ఆ మాట అన్నవాడి వాలకం చూస్తే పెళ్లాం మరిడమ్మకే నమ్మకం కుదరలేదు, ఇంక కాకికేం కుదురుతుంది?

అప్పుడు తట్టింది మరిడమ్మకు. ఆయనకు మిగిలింది ఒక్కటే. ఆటల మిషను.

సూర్యారావు రొయ్యల చెరువుకు కాపలా. చెరువు నీళ్లకు గాలి పట్టించే కరెంటు చక్రాల చప్పుడు ఒక చెవితో వింటూ, గట్టు మీద గుడిసెలో కూర్చుని ఫోనులో ఆటలాడేవాడు. నలభై దాటిన మనిషి. తాగుడు లేదు, పేక లేదు, ఈ పిచ్చి ఒక్కటే. ఫోను చాలక, ఆటలకని చేసిన మిషనే కొందామనుకున్నాడు. అందులో రెండు రకాలు. ఒకటి చేతిలో పట్టుకునేది. పలకంత ఉండి, రెండు పక్కలా మీటలుంటాయి. రెండోది బల్లమీద పెట్టుకునే కంప్యూటరు. చవకలో ఆటలకు సరిపడా కూర్చి ఇస్తారు. ధర చూస్తే రెండూ అటూ ఇటూ ఒకటే.

"చేతిదైతే గుడిసెకి పట్టుకుపోవచ్చే. కరెంటు పోయినా ఆడుద్ది. కానీ లోపల ఏదన్నా పోతే మొత్తం పోయినట్టే. కంప్యూటరైతే పోయిన ముక్క మార్చుకోవచ్చు, రేపు ఇంకా మంచిది వేయించుకోవచ్చు. మరి మన ఓల్టేజీకి అది బతుకుద్దంటావా?" అని అన్నం కలుపుతూ అడిగేవాడు.

"ఏదోటి కొనుక్కో మావా, నా బుర్ర తినక" అనేది మరిడమ్మ.

చీర కోసం ఆడవాళ్లు పది కొట్లు తిరుగుతారని ఎకసెక్కాలాడే మగజాతిలో పుట్టి, ఆయన అమలాపురంలో ఒక్క కొట్టుకే ఏళ్ల తరబడి తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ ఉత్త చేతులతో వచ్చాడు. ఒకనాటి పొద్దున మేత చల్లే వేళకు లేవలేదు. గుండె ఆగిందన్నారు. చేతిలోంచి ఫోను తియ్యబోతే బొటనవేళ్లు వదల్లేదు.

అదంతా మెదిలి, మరిడమ్మ ముందుకొచ్చి "చేతిలో పట్టుకునేదే కొంటాను మావా, తిను" అని గొంతెత్తింది. సరిగ్గా అప్పుడే, పక్కనుంచి మరిది నాగదుర్గాప్రసాద్ "కంప్యూటరు కొంటాం అన్నయ్యా" అని అరిచాడు. రెండు కేకలూ కలిసిపోయాయి. కాకి దిగింది, ముద్ద ముట్టింది.

"ఆయ్, ముట్టేసిందండీ" అనుకుంటూ అందరూ స్నానాలకు నీళ్లలోకి దిగారు. ఏ మాటకు ముట్టిందో ఎవరూ గమనించలేదు. ఒకరి కేక అయ్యాక ఒకరు అరవాలన్న ఇంగితం వదినామరుదులిద్దరికీ లేకపోయింది.

కాకికిచ్చిన మాట సంవత్సరీకం లోపల తీర్చాలి. వస్తువు తెచ్చి ఫొటో ముందు పెట్టి, "నీది నీకు ముట్టింది, ఇంక బయల్దేరు" అని చెప్పాలి. సరైనది పెడితే మనిషి దారిన మనిషి పోతాడు. వేరేది పెడితే గుమ్మం దాటడు. అది వాళ్ల ఇళ్లలో తాతల నాటి నుంచీ ఉన్న లెక్క.

మరిడమ్మది రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. బొటనవేలు ఇలా నొక్కితే తల అలా ఊడి రావాలి. ఆ పనిలో ఆమెకు ఎదురు లేదు, ఆ సంగతి ఆమే చెప్పేది. ఏడాది దగ్గర పడుతుండగా ఆ వేళ్లు ఆమె మాట వినడం మానేశాయి. రొయ్యను వదిలేశాక కూడా ఆడుతూనే ఉండేవి. కుడి బొటనవేలు గుండ్రంగా తిరిగేది, ఎడమది టకటకా నొక్కేది.

పక్కన కూర్చునే ఉషారాణి మొదట్లో నవ్వింది. "ఏటక్కా, లేని రొయ్యకి తల తీస్తన్నావు?"

"నీ తలనుకుని తీస్తన్నాను. పని చూసుకో."

తర్వాత ఉషారాణి నవ్వడం మానేసింది. షెడ్డులో కరెంటు పోయిందంటే మరిడమ్మ వేళ్లు టక్కున ఆగేవి. జనరేటరు అందుకోగానే మళ్లీ మొదలయ్యేవి. సూర్యారావూ అంతే. కరెంటు పోతే చెరువులో చక్రాలు ఆగి రొయ్యలు చస్తాయని, ఆట ఆపి జనరేటరు వెయ్యడానికి పరిగెత్తేవాడు. అది అందుకున్నాకే మళ్లీ ఫోను పట్టేవాడు.

"అక్కా, ఆ చేతులు నీయి కావే" అంది ఉషారాణి, పీట దూరంగా లాక్కుని.

ఇంట్లో అన్నానికి కూర్చుంటే చేతులు కంచాన్ని రెండు పక్కలా పట్టుకునేవి. మరిడమ్మ కంచంలోకి చూసేది కాదు. చూస్తే అందులో ఏం కనబడుతుందోనని.

"కంప్యూటరే వదినా. అన్నయ్య మనసు నాకు తెల్దా? పైగా ఇంట్లో అందరికీ పనికొస్తది" అనేవాడు మరిది.

"అందరికీ అంటే నీకు. మీ అన్న పోయాక కూడా నీ అవసరాలే తీర్చాలేటి?"

అలా అన్నా, పెట్టె మోయడానికి మనిషి కావాలి కదా, అమలాపురం వెళ్లేటప్పుడు అతన్నే వెంటబెట్టుకుంది.

కొట్టు యజమాని శ్యామ్ బాబు లేచి నిలబడ్డాడు. "సూర్యారావుగారి ఇంట్లోవాళ్లాండీ? రండి, ఇలా కూర్చోండి. ఆయన కూడా ఇక్కడే కూచునేవారండి."

ముందు కంప్యూటరు పెట్టి చూపించాడు. తెరమీద రంగులు వెలిగాయి. మరిడమ్మ చేతులు మీటల పలక మీద చచ్చిన చేపల్లా పడున్నాయి. ఎంత సేపున్నా వేలు కదల్లేదు.

తర్వాత చేతి మిషను అందించాడు. అందించడం ఏమిటి, చేతులే లాక్కున్నాయి. వేళ్లు మీటల మీదికి వాటంతట అవే చేరాయి. మరిడమ్మ తెర వంక చూడలేదు, వీధిలో పోయే బస్సుల వంక చూస్తూ కూర్చుంది. ఒళ్లో మాత్రం ఎవరో ఉరుకుతున్నారు, దూకుతున్నారు, గెలుస్తున్నారు.

"ఎన్నాళ్లబట్టి ఆడుతున్నారండీ?"

"ఎప్పుడూ ముట్టుకోలేదు బాబూ."

శ్యామ్ బాబు తెరలోకి వంగి చూశాడు. బొమ్మ మనిషి ఒక గోడకు తగిలి పడ్డాడు, లేచాడు, మళ్లీ అక్కడే తగిలాడు. శ్యామ్ బాబు ఆ గోడ మీద వేలు పెట్టి చూపించాడు. "ఈ గోడ ఆయన దాటలేకపోయేవారండి. ఇదిగో, ఇలాగే ఎడంపక్కనుంచి దూకేవారు. నేను చెప్పినా వినేవారు కాదు."

మరిడమ్మ మిషను బల్లమీద పెట్టేసింది. ఇంక అనుమానం లేదు. ఇది తీసుకెళ్లి ఫొటో ముందు పెట్టాలి. బయల్దేరమనాలి. ఆయన బయల్దేరతాడు కూడా. బతికినన్నాళ్లూ చెప్పిన మాట వినే మనిషే. రేపట్నుంచి ఈ చేతులు తన చేతులే. రొయ్య తల తీస్తాయి, అన్నం కలుపుతాయి, ఖాళీగా ఒళ్లో పడుంటాయి.

మరిది మొహం వేలాడేశాడు. "సర్లే వదినా, చేతిదే అన్నమాట."

"ఎవరన్నారు? కంప్యూటరు కట్టండి బాబూ."

శ్యామ్ బాబు తెల్లబోయాడు. "అదేంటండీ, ఆయనకి..."

"ఆయన సంగతి నాకు తెలుసు. మీరు కట్టండి."

మరిది ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా! కాకి నా మాటకే దిగింది."

"ఆయ్, నీ మాటకే."

పెట్టె ఆటో సీటు వెనకాల ఎక్కించారు. మరిడమ్మ ఒక చివరికి సర్దుకుని కూర్చుంది. పక్కన ఎక్కబోయిన మరిదిని చేత్తో ఆపింది.

"ముందుకెళ్లి డ్రైవరు పక్కన కూచో."

"ఇక్కడ బోల్డు చోటుంది గదా వదినా!"

"లేదు" అంది మరిడమ్మ.

అతను గొణుక్కుంటూ ముందుకెళ్లాడు. అతనింకా ఎక్కనే లేదు, ఆటో ఆమె పక్క ఖాళీ చోటు వైపుకు మెల్లగా ఒరిగింది.