నర్సమ్మ మెడ మీద నా పెన్సిల్

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆ మాట మొదట అన్నవాడు దొరికితే గల్లా పట్టుకుని అడగాలని ఉంది. ఎవరికి చెబితే పోతుంది? ఎప్పుడు చెబితే పోతుంది? వినాల్సిన మనిషి మట్టిలో కలిశాక చెప్పినా పోతుందా? పాతికేళ్ళు దాటింది. ఒక చిన్న పెన్సిల్ పనిని ఇన్నేళ్ళు గుండెల మీద మోశాను. మోశాను అనటం కూడా అబద్ధమే. సుఖంగా తిన్నాను, పడుకున్నాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. మధ్య మధ్యలో అన్నం ముద్ద గొంతులో ఆగేది. అంతే. అంతకు మించి బాధపడ్డానని చెప్పుకునే అర్హత నాకు లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే పోనీలే, అప్పటి రోజులు అలాంటివి అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రోజులు అలాంటివి కావు. నేను అలాంటివాణ్ణి.

మాది రాయచూరులో పాత తెలుగు కుటుంబం. నాకు ఫోటో స్టూడియో ఉండేది. బోర్డు ఇప్పటికీ ఉంది, దాని కింద సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నెగెటివ్‌ల కాలంలో నా చెయ్యి మంచిదని పేరు. పెళ్ళికూతురి మొటిమలు, పెద్దమనుషుల ముడతలు, అన్నీ మాయం చేసేవాణ్ణి. నెగెటివ్‌ను అద్దం బల్ల మీద పెట్టి, కింది నుంచి వెలుతురు వచ్చేలా చేసుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చ ఉన్నచోట చుక్క చుక్కగా నింపాలి. ప్రింట్ తీస్తే అక్కడ చర్మం నున్నగా వస్తుంది. ఆ నెగెటివ్ నుంచి ఎన్ని ప్రింట్లు తీసినా నున్నగానే వస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇంకో పని కూడా ఉండేది. మా వైపు చాలా ఇళ్ళలో బతికుండగా ఫోటో తీయించుకునే తాహతూ తలపూ ఉండేవి కావు. మనిషి పోయాక గోడకు ఏదో ఒకటి కావాలి కదా. శవాన్ని తీసిన ఫోటో పట్టుకుని నా దగ్గరికి వచ్చి, కళ్ళు తెరిపించమని అడిగేవాళ్ళు. నేను దెబ్బలుంటే తుడిచేసేవాణ్ణి, ముక్కులో దూది తీసేసేవాణ్ణి, బొట్టు దిద్దేవాణ్ణి, మూసిన రెప్పల మీద కుంచెతో కళ్ళు వేసేవాణ్ణి. దాన్ని మళ్ళీ ఫోటో తీసి, పెద్దది చేసి ఇస్తే దండం పెట్టి తీసుకెళ్ళేవాళ్ళు. అది తప్పని ఎవరూ అనలేదు. నేనూ అనను. కానీ నా తప్పుకు దారి అక్కడి నుంచే పడింది.

అప్పట్లో ఎక్కడైనా శవం దొరికితే పోలీసులు ఊళ్ళో స్టూడియో వాణ్ణి పిలుచుకుపోయేవారు. నర్సమ్మ దొరికిన రోజు నన్ను పిలిచారు.

నర్సమ్మ తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి పత్తి కాలంలో జిన్నింగ్ మిల్లు పనికి వచ్చిన పిల్ల. ఇరవై దాటి ఉంటాయేమో. మిల్లు వెనక పాడుబావిలో తేలింది. గట్టు మీద పడుకోబెట్టారు. ముఖం దగ్గరగా తీయటానికి వంగాను. అప్పుడు చూశాను. మెడ చుట్టూ, ఒక చెవి కింది నుంచి ఇంకో చెవి కింది దాకా, వేలు మందాన నల్లటి గుర్తు. నీళ్ళలో పడితే అలాంటి గుర్తు పడదు. ఆ సంగతి తెలియటానికి డాక్టరు చదువు అక్కర లేదు. నాకు తెలిసింది. ఆ క్షణమే తెలిసింది. తెలియదని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి, అవన్నీ దొంగ రోజులు.

మర్నాడు ఫిల్మ్ రోలు కడిగి ఆరేశాను. మధ్యాహ్నం మిల్లులో పెత్తనం చేసే మనిషి వచ్చాడు. పేరు రాయను. భయంతో కాదు. పేరు రాస్తే మీ కోపమంతా అతని మీదికి పోతుంది. నా వాటా నాకు మిగలాలి.

“ఏం తమ్మీ, ఫోటోలు కడిగినవా?” అన్నాడు, కుర్చీ లాక్కుని.

“కడిగిన. ఇంకా ప్రింట్ తీయలే.”

“గరీబోళ్ళ పోరి. ఉత్తగనే జనం నోట్ల పడ్తది. సచ్చినంక ఇజ్జత్ పోవుడు ఎందుకు?”

“మెడ మీద గుర్తున్నది” అన్నాను. నేను ఆ మాట అన్నది నిజం. ఆ ఒక్క మాటా అన్నాను.

“అదే చెప్తున్న. సచ్చినోళ్ళ మొకం నువ్వు ఎట్లనన్న సాఫ్ చేస్తవు గద. గీమెది గూడ చెయ్యి. కొత్త పనా ఏంది నీకు?”

“కొత్తేం గాదు. రోజూ చేసేదే.”

చాయ్ తాగి వెళ్ళిపోయాడు. బెదిరించలేదు. డబ్బు చూపించలేదు. చూపించి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. బెదిరింపుకు లొంగానని చెప్పుకోవచ్చు, ఆశకు పోయానని చెప్పుకోవచ్చు, మనిషన్నాక ఏదో ఒక బలహీనత ఉంటుందని మీరూ తల ఊపేవారు. అతను నన్ను కొత్తగా ఏమీ చేయమనలేదు. నేను ఎలాగూ చేసే పనినే చేయమన్నాడు. ఆ మిల్లు యజమాని ఇంట్లో పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ నావే, ఆ మనిషి నా దుకాణానికి వచ్చి కూర్చోవటమే నాకు గొప్ప. ఇంత చవగ్గా అమ్ముడుపోయినవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

అప్పుడే నర్సమ్మ అన్న కూడా వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అతను ఊరి నుంచి వచ్చేసరికి చెల్లెలికి స్నానం చేయించి గుడ్డ చుట్టేశారట, ముఖం ఒక్కటే చూశాడు. చెల్లెలి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు, నువ్వు తీసినదాన్నే మంచిగా చేసి ఇయ్యి అన్నా అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చూడండి, నాకు ఎంత మంచి సాకు దొరికిందో. అతని కోసమే చేస్తున్నానని అనుకుంటూ అద్దం బల్ల ముందు కూర్చున్నాను. మెడ మీద గుర్తును చుక్క చుక్కగా నింపాను. అంత శ్రద్ధగా నేను ఏ పెళ్ళికూతురికీ చేయలేదు.

అన్నకు ఇవ్వాల్సిన పటానికి అలా చేయటం వేరు. పోలీసులకు ఇచ్చిన ప్రింట్లూ ఆ నెగెటివ్ నుంచే తీశాను. అదీ నేను చేసింది. నిర్లక్ష్యం కాదు. తెలిసి చేశాను. గుర్తును కళ్ళారా చూసినవాళ్ళు, డాక్టరుతో సహా, రాయాల్సింది రాయకుండానే ఒక్కొక్కరూ బదిలీ అయిపోయారు, ఫైల్లో నా ఫోటో మిగిలింది. ఎలా చనిపోయిందో తేలలేదని రాసి కేసు మూసేశారు. తిలాపాపం తలా పిడికెడు అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ సామెతను కూడా నేను వాడుకోను. నా పిడికెడు నా చేతిలోనే ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది పాత తప్పు. ఆగలేదు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం రేణుక అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నర్సమ్మ అన్న కూతురు. లింగసుగూరులో కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తుంది. సంచిలోంచి తువ్వాలు చుట్టిన పటం తీసింది. అట్ట వెనక నా స్టూడియో ముద్ర. దాన్ని పట్టుకుని అడుగుతూ అడుగుతూ వచ్చింది. “మా అత్త ఎట్ల సచ్చిందో తెలుసుకోవాలె కాకా. పోలీసోళ్ళం గాదు, వకీళ్ళం గాదు. ఏడికెల్లి షురూ చెయ్యాల్నో జరా చెప్పు” అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబగబా మాట్లాడటం మొదలుపెట్టాను. నా అంతటివాడు లేడన్నట్టు దారి చూపించాను. ముందు ఇంట్లోవాళ్ళు చెప్పేది విడివిడిగా విను, అందరినీ ఒకచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాడి కథే అందరి కథ అవుతుందన్నాను. నువ్వు కళ్ళతో చూసింది వేరు, ఎవరో చెప్పగా విన్నది వేరు, రెండిటినీ కలపకు అన్నాను. గ్రంథాలయంలో ఆ రోజుల పాత పేపర్లు తిరగేయమన్నాను. ఫైలు నకలు కోసం అర్జీ పెట్టమన్నాను. బావి పూడ్చేశారని తెలిసినా ఆ చోటు చూసి రమ్మన్నాను, ఎటు నుంచి ఎటు దారి ఉందో నడిస్తేనే తెలుస్తుందన్నాను. ఎవరి మీదా నేరం మోపకు, ఇంటర్‌నెట్‌లోకి ఎక్కించకు, బతికున్నవాళ్ళ బతుకు పాడవుతుందన్నాను. జవాబు నువ్వే అందించేలా అడగకు, ఏం చూశావని అడిగి నోరు మూసుకో అన్నాను. అన్నిటికన్నా ముందు ముసలివాళ్ళ దగ్గరికి పో బిడ్డా, కాగితాలు ఎదురుచూస్తాయి, మనుషులు చూడరు అన్నాను.

అన్నీ మంచి మాటలే. ఒక్కటీ తప్పు కాదు. ఆ మంచి మాటల వెనక దాక్కున్నాను. ఆ పిల్ల శ్రద్ధగా తల ఊపుతుంటే నాకు సంతోషం వేసింది కూడా. సిగ్గు లేని సంతోషం. మొదటి సాక్షి ఎదురుగా కూర్చుని సాక్షుల్ని ఎలా వెతకాలో చెబుతున్నాడు, ఆ పిల్ల వాడికి కాకా అని దండం పెడుతోంది.

ఏడాది తిరిగింది. ఆదివారం ఆదివారం బస్సెక్కేది. ఆనాడు మిల్లులో పనిచేసినవాళ్ళలో కొందరు అరకేర, జాలహళ్ళి వైపువాళ్ళని తేలింది. పటం పట్టుకుని తిరిగింది. చాలామంది పటం చూసి ఈమె నర్సమ్మ కాదన్నారట. ముక్కు, నోరు ఆమెవే, చూపు ఆమెది కాదన్నారట. ఆ మాట చెప్పి రేణుక నవ్వింది. వయసు మీదపడి మరిచిపోయారంది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత జాలహళ్ళిలో హనుమవ్వ దొరికింది. నర్సమ్మతో ఒకే గదిలో ఉన్న మనిషి, కడసారి స్నానం చేయించినవాళ్ళలో ఒకామె. ఆమె కన్నడంలో చెప్పిందాన్ని రేణుక నాకు తెలుగులో చెప్పింది. “మెడ చుట్టూ తాడు పెట్టినట్టు నల్లగ కమిలి ఉండెనంట కాకా. నీళ్ళు పోస్తుంటే చూసిందంట. నేను పటం చూపిచ్చిన. మెడ సాఫ్‌గ ఉన్నది గద అవ్వా, పోలీసోళ్ళిచ్చిన ఫైలు జిరాక్స్‌ల మొకం మసకగ పడ్డది గని మెడ ఆడ గూడ సాఫ్‌గనే ఉన్నది అన్న. ముసల్ది గుడ్లల్ల నీళ్ళు దీస్కున్నది. నేనేమన్న అబద్ధాలదాన్నా అన్నది. నువ్వేమంటవు? ఎవరిది నమ్మాలె?”

చూశారా. ఇన్నేళ్ళ తర్వాత కళ్ళతో చూసిన మనిషి నోరు విప్పింది. నేను చేయాల్సిందల్లా ఒక్క మాట అనటం. నాలుక దాకా వచ్చింది. మింగాను.

“ఫోటో అబద్ధం చెప్పదు బిడ్డా” అన్నాను.

పాతికేళ్ళ కిందటి తప్పు కన్నా ఈ ఒక్క మాట పెద్దది. అప్పుడు నేను కుర్రవాణ్ణి అని చెప్పుకోవచ్చు. ఇప్పుడు? ఇప్పుడు నన్ను ఎవరు అడిగారు? మిల్లు లేదు, పెత్తనం చేసిన మనిషి పోయాడు, నా స్టూడియోనే లేదు. ఎవరి కోసం అన్నాను? నా చెయ్యి మంచిదన్న పేరు కోసం. ఊళ్ళో అయిదారుగురు ముసలివాళ్ళు తప్ప ఎవరికీ గుర్తులేని ఆ పేరు కోసం నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరును చేశాను. రేణుక ఆమె మాటను పక్కన పెట్టేసింది. పిచ్చిది, పద్ధతి నేర్పినవాడి మాట నమ్మి పెట్టేసింది.

మొన్న వానాకాలంలో హనుమవ్వ చనిపోయింది. రేణుక ఫోన్ చేసి మామూలుగానే చెప్పింది, దారిలో ఎవరో పోయారని చెప్పినట్టు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఏడుపు కాదు, కోపం. ఇంటి మిద్దె మీది పాత రేకు పెట్టె దించాను. మా ఆవిడ ఏమైందని అడిగితే అరిచాను. పాపం, ఆమె మీద.

నెగెటివ్ ఉంది. పారేయలేదు. ఎందుకు పారేయలేదు? నిజాయితీతో అనుకుంటున్నారేమో. కాదు. నా పనితనానికి అదొక నమూనా. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తే ఇప్పటికీ ముచ్చటేసేంత శుభ్రంగా ఉంది ఆ మెడ. దూదిని టర్పెంటైన్‌లో ముంచి తుడిచాను. పెన్సిల్ పొడి దూదికి నల్లగా అంటుకుంది. ఒక్కసారి తుడిస్తే చాలు, వచ్చేసింది. ఇన్నేళ్ళూ ఆగిన పనికి పట్టింది అంతసేపే. మెడ చుట్టూ ఆ గుర్తు ఎలా ఉండేదో అలాగే ఉంది.

ఆ ఆదివారం రేణుకను పిలిచి నెగెటివ్, కొత్తగా తీయించిన ప్రింట్ చేతిలో పెట్టాను. అంతా చెప్పాను, మిల్లు మనిషి పేరుతో సహా. అతనే చంపాడని నేను అనలేదు. నాకు తెలియదు. నేను చూసింది గుర్తు, విన్నది అతని మాట, ఆ రెండే చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టమని కూడా అన్నాను. ఆ పిల్ల మెడ వంక చూడలేదు. ముఖం వంక చూస్తూ ఉండిపోయింది.

“కండ్లు మూసుకునే ఉన్నయి” అంది. “మరి మా ఇంట్ల గోడకు ఉన్న కండ్లు ఎవరివి?”

నేను చనిపోయినవాళ్ళందరికీ వేసేవి ఒకటే కళ్ళు. చెయ్యికి అలవాటైన కళ్ళు. ఈ ఊళ్ళో ఎన్ని గోడల మీద ఉన్నాయో. ఎవరివీ కావని చెప్పాను.

“మా నాయన రోజూ ఆ కండ్లకే దండం పెడ్తడు” అంది. లేచింది. నెగెటివ్‌ను కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. కాకా అనలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, “జాలహళ్ళి బస్సు ఎన్నింటికున్నది?” అని అడిగింది. హనుమవ్వ పోయింది కదమ్మా అన్నాను. ఆమె కూతురికి చెప్పి రావాలంది. వాళ్ళమ్మ అబద్ధాలది కాదని.

నేను వెంట వస్తానన్నాను. వద్దంది.

అందుకని ఇంట్లో కూర్చుని ఇది రాశాను. పాపం పోలేదు, ఇక్కడే ఉంది. కాకపోతే ఇప్పుడు దాని మీద పెన్సిల్ లేదు.