పదివేల ఒక్క దీపాల వరసలు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను, మాస్టార్లెవరూ వద్దనలేదు. అలాంటివాణ్ణి 2006 అక్టోబరులో, ఢిల్లీ సాకేత్‌లోని ఒక డెకరేషన్ కంపెనీ సైట్ సూపర్‌వైజర్‌ని చేసింది. అంతకుముందు లారీల్లో సామాను ఎక్కించేవాణ్ణి. మొదటి పెద్ద పని గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవం. గ్రౌండులో పదివేల ఒక్క ప్రమిదలు వెలిగించాలి.

శుభకార్యానికి సున్నాలతో ముగిసే సంఖ్య మీద ఒకటి కలపడం ఆనవాయితీ. వెయ్యిన్నొకటి నాకు అలవాటే. ఏడు వరసలు, పదకొండు, పదమూడు, ఎలా పేర్చినా సమంగా వస్తుంది. పదివేల ఒకటి దాని అన్నే కదా అనుకుని, లెక్క చూడకుండా సరేనన్నాను.

ఆ రోజు మధ్యాహ్నానికి వందేసి చొప్పున వంద వరసలు పరిచాం. చేతిలో ఒక ప్రమిద మిగిలింది. కాలేజీ చైర్మన్ మేడ మీద నుంచి చూశారు. వరసలన్నీ సమంగా ఉండాలని, ఒంటరి దీపం అశుభమని, ఒకటి తీసేస్తే పదివేల ఒకటని అచ్చేసిన ఆహ్వానపత్రిక అబద్ధమవుతుందని అన్నారు. మా యజమాని లాలాజీ ఫోన్లో చెప్పింది ఒకే మాట: సాయంత్రంలోగా కుదరకపోతే రేపు మళ్ళీ లారీ దగ్గరికే.

ఒక్కచోట నిలబడబుద్ధి కాలేదు. బాస్కెట్‌బాల్ కోర్టు మీద సుద్దముక్కతో భాగించడం, చెరపడం, లేచి గ్రౌండు చుట్టూ తిరిగి రావడం. ఏడుకి ఐదు మిగిలింది. పదకొండుకి రెండు, పదమూడుకి నాలుగు. మేస్త్రీ జగదీశ్ నా వెనకే తిరుగుతూ, "భయ్యా, ఏక్ దియా జేబ్ మే డాల్ లో. కౌన్ గినేగా?" అన్నాడు. ఒక ప్రమిద జేబులో వేసుకుంటే ఎవరు లెక్కపెడతారని వాడి ధీమా. నిన్న పెట్టెలు విప్పించి మరీ లెక్కపెట్టించింది చైర్మనే అని గుర్తు చేశాను.

అక్కడ లెక్కలు చెప్పే విజయలక్ష్మి మేడమ్‌ది గుంటూరు. క్లాసుకి వెళ్తూ నా రాతలు చూసి ఆగారు. సంగతి చెప్పాను.

"ఎందాకా చూస్తారేంటి?"

"దొరికేదాకానండీ. ఐదువేల దాకా వెళ్తానేమో."

"వందతో ఆపేయండి. వరసలూ, వరసలో దీపాలూ రెండూ వంద దాటితే పదివేల ఒకటిని మించిపోవూ? రెండిట్లో ఏదో ఒకటి వంద లోపే ఉండాలి. అందులోనూ ప్రధాన సంఖ్యలే చూడండి. రెండుతో, మూడుతో పోనిది ఆరుతో ఎలా పోతుంది?"

"అవీ పోకపోతే?"

"అప్పుడది ప్రధాన సంఖ్యే. అన్నీ ఒకే వరసలో పెట్టుకోవాలి."

గంట కొట్టారు. ఆవిడ వెళ్ళిపోయారు.

పదిహేడు, పంతొమ్మిది, ఇరవైమూడు. ప్రతిదానికీ ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. అరవై దాటాను. డెబ్బై ఒకటికి అరవై ఒకటి మిగిలింది. డెబ్బై మూడుకి ఏమీ మిగల్లేదు. నూట ముప్పై ఏడేసి, డెబ్బై మూడు వరసలు. పరిచినవన్నీ ఎత్తి మళ్ళీ పరిచాం. చీకటి పడుతుండగా ఆఖరి వరస నిండింది. చైర్మన్ మేడ మీద నుంచి చూసి "ఠీక్ హై" అన్నారు. నా ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు ఏ సంఖ్య చెప్పినా దాన్ని విడగొట్టి చూశాకే ఒప్పుకున్నాను. వెయ్యిన్నొకటి విరిగిన తీరు చూసి పదివేల ఒకటి ఎలా విరుగుతుందో చెప్పలేం.

ఆ సాయంత్రానికి మాత్రం అంత బుద్ధి ఇంకా రాలేదు. మేడమ్ కనిపిస్తే, వచ్చే ఏడాది లక్షా ఒకటి పెట్టించండి, చిటికెలో పరిచేస్తానని కోతలు కోశాను. మధ్యాహ్నం నుంచి ఆవిడా ఇలాంటి సంఖ్యల గురించే ఆలోచిస్తున్నారు కాబోలు.

"పరవండి. దానికీ ఒక్కటే దారి. పదకొండు వరసలు, వరసకి తొమ్మిది వేల తొంభై ఒకటి. అడుగుకొకటి పెట్టినా వరస గేటు దాటి, అవతల పరీ చౌక్ కూడలి కూడా దాటిపోతుంది. ఆఖరి దీపం వెలిగించడానికి మీరు బస్సెక్కాలి."